ఉప్పు నీరు, మంచి నీరు, ముంపు నీరు: పరిస్థితి మారితే జన్యువుల పని తరాల మీద ఎలా మారుతుంది

స్వర్ణ వరినీ స్వర్ణ-సబ్1నీ ఒకే తొట్టెలో పక్కపక్కన ఊడ్చి, మొక్క పూర్తిగా మునిగేలా పది పన్నెండు రోజులు నీళ్లు నిలబెడితే తేడా కంటికే తెలుస్తుంది. స్వర్ణ మొక్క నీటి పైకి రావాలని సాగుతుంది. కాండం సన్నబడుతుంది, ఆకులు పాలిపోతాయి, నీరు తీసేసరికి నిలబడే సత్తువ లేక ఒరిగిపోతుంది. సబ్1 మొక్క దాదాపు ముంచిన నాటి ఎత్తులోనే ఉండిపోతుంది. నీరు తీసిన కొద్ది రోజులకు మొదట్లోంచి కొత్త ఆకు వేస్తుంది. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన రకం. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. డీఎన్ఏ మీది గుర్తుల (మార్కర్ల) సాయంతో పదేపదే స్వర్ణతోనే సంకరం చేస్తూ వచ్చారు కాబట్టి రెంటికీ అసలు తేడా 9వ క్రోమోజోము మీది ఒక చిన్న ముక్క.

ఆ ముక్కలో పని చేసేది సబ్1ఏ అనే జన్యువు. ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఏ రకంలో ఉన్న ఈ జన్యువును 2006లో విడదీసి చూపారు. నీటిని తట్టుకునే ప్రత్యేక పదార్థమేదీ ఇది తయారుచేయదు. మిగతా జన్యువులు ఎంత పని చేయాలో నిర్ణయించే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. మొక్క మునిగినప్పుడు లోపల పుట్టే ఇథిలీన్ అనే వాయు హార్మోను బయటికి పోలేకపోతుంది, ఎందుకంటే గాలిలో కంటే నీటిలో వాయువులు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. అలా పేరుకున్న ఇథిలీన్ మామూలు వరిలో ఎదుగుదల హార్మోను జిబ్బరెల్లిన్ ప్రభావాన్ని పెంచి కాండాన్ని సాగదీస్తుంది. ఎఫ్ఆర్13ఏ తరహా సబ్1ఏ ఉన్న మొక్కలో అదే ఇథిలీన్ ముందు సబ్1ఏను పనిలోకి దింపుతుంది. దానివల్ల ఎస్ఎల్ఆర్1, ఎస్ఎల్ఆర్ఎల్1 అనే అణచివేత ప్రోటీన్లు పెరిగి జిబ్బరెల్లిన్ ఆటలు సాగవు. పిండిని చక్కెరగా కరిగించే ఆల్ఫా అమైలేజ్ జన్యువులూ, కణం గోడను వదులు చేసే ఎక్స్‌పాన్సిన్ జన్యువులూ తగ్గి పని చేస్తాయి. అలా మిగిలిన పిండితోనే వరద తీశాక కొత్త ఆకు వస్తుంది.

లోతునీటి వరి రకాలు ఇదే ఇథిలీన్‌కు సరిగ్గా ఎదురు దిశలో స్పందిస్తాయి. వాటిలోని స్నార్కెల్1, స్నార్కెల్2 జన్యువుల సంగతి 2009లో బయటపడింది. సబ్1ఏ ఏ కుటుంబానిదో ఇవీ ఆ కుటుంబానివే. కానీ ఇవి పని మొదలుపెడితే కాండం రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా సాగగలదు. నెలల తరబడి నీరు దిగని చోట సాగినదే బతుకుతుంది. వచ్చి రెండు వారాల్లో పోయే వరదలో సాగినది చస్తుంది. సంకేతం ఒకటే, జన్యు కుటుంబం ఒకటే. ఆయా నేలల ముంపు తీరును బట్టి ఆ సంకేతానికి ఏ జన్యువు లేవాలి, ఎంత లేవాలి అన్నది వేర్వేరుగా స్థిరపడింది.

పరిణామంలో ఇది అరుదైన దారి కాదు. మేరీ-క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ 1975లోనే మనిషి ప్రోటీన్లనూ చింపాంజీ ప్రోటీన్లనూ పోల్చి, రెంటి మధ్య ఉన్న కొద్దిపాటి తేడా అంత భిన్నమైన శరీరాలను వివరించలేదనీ, అసలు తేడా జన్యువుల నియంత్రణలో ఉండాలనీ వాదించారు. ఇప్పుడు ఒక్క నమూనాలో ఇరవై వేల జన్యువుల ఆర్ఎన్ఏను, అంటే జన్యువు పని చేసినప్పుడు తయారయ్యే నకళ్లను, ఒకేసారి లెక్కపెట్టగలం. సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. అంతర్వేది దగ్గరి ఉప్పుటేటిలో పట్టిన చేపనూ, ఉండి కాలువలో పట్టిన అదే జాతి చేపనూ పోల్చితే వేల జన్యువుల్లో తేడా కనిపిస్తుంది. అందులో పరిణామం వల్ల వచ్చింది ఎంత అని అడిగితే ఆ లెక్కలోంచి జవాబు రాదు. ఎందుకు రాదో, ఎలా రాబట్టాలో చూడాలి.

ఒక్క జన్మలో మారేది, తరాల్లో మారేది

ఎర్రనీరు సముద్రంలో కలిసే వేళకు పులస వశిష్ఠ, గౌతమి పాయల్లోకి ఎక్కుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని శరీరం కంటే బయటి నీరే ఉప్పన. ఒంట్లో నీరు బయటికి పోతుంటే చేప ఉప్పునీరు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తూ ఉండాలి. నదిలోకి రాగానే అంతా తలకిందులవుతుంది. నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది, మొప్పలు ఉప్పును లోపలికి లాగాలి. రెండు చోట్లా శక్తినిచ్చే పంపు సోడియం-పొటాషియం ఏటీపేజ్. సముద్రపు చేపల్లో దానికి తోడుగా ఉప్పును బయటికి పంపేవి ఎన్‌కేసీసీ1, సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్లు. నీళ్లు మారినప్పుడు చేపల్లో కార్టిసాల్, ప్రోలాక్టిన్ వంటి హార్మోన్ల ఆజ్ఞతో ఈ జన్యువుల పని కొన్ని గంటల్లో మొదలై కొన్ని రోజుల్లో స్థిరపడుతుంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారదు. ఇది ఒక్క జీవి తన జన్మలో చేసుకునే సర్దుబాటు.

ఈ సర్దుబాటు శక్తే తరాల మీద మారడం వేరే సంగతి. దానికి చక్కటి ఉదాహరణ పులసలాగే హెర్రింగుల వర్గానికి చెందిన ఏల్‌వైఫ్. అమెరికాలోని కనెటికట్ ప్రాంతంలో ఇది సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. సముద్రానికి దారి మూసుకుపోయిన కొన్ని చెరువుల్లో మాత్రం తరతరాలుగా మంచినీటిలోనే ఉండిపోయింది. ఆ చెరువు చేపలను సముద్రపు ఉప్పదనంలో పెడితే వలస చేపల కంటే తక్కువగా తట్టుకుంటాయి. వాటి మొప్పల్లో పంపు పని తక్కువ, ఎన్‌కేసీసీ, సీఎఫ్‌టీఆర్ జన్యువుల పెరుగుదల కూడా తక్కువే. అదే సమయంలో మంచినీటిని తట్టుకోవడంలో అవి మెరుగుపడ్డాయి. ఈ రెండో విషయం ముఖ్యం. ఉప్పునీటి సామర్థ్యం ఒక్కటే తగ్గి ఉంటే, వాడకం లేని జన్యువుల్లో మ్యుటేషన్లు పేరుకుని అరిగిపోయిందని సరిపెట్టుకోవచ్చు. మంచినీటి సామర్థ్యం కూడా పెరిగిందంటే ప్రకృతి వరణం పని చేసిందని చెప్పడానికి ఆధారం దొరికినట్టే.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర హయాంలో 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ పులస ఎక్కే దారిని కుదించాయి. అయినా దాన్ని మంచినీటిలో బంధించలేదు. వచ్చిన చేప సముద్రానికి తిరిగి పోవాల్సిందే, కాబట్టి రెండు వైపుల స్పందన మీదా వరణం ఒత్తిడి నిలిచే ఉంది. డెల్టా మొగల దగ్గర బతికే చాలా జీవుల పరిస్థితి ఇదే. వరదల్లో ఏటిపాయ దాదాపు మంచినీరే, ఎండాకాలంలో ఎగువ నుంచి నీరు తగ్గగానే పోటుతో ఉప్పు పైకి ఎగబాకుతుంది. ఏటా ఇలా ఊగే చోట ఏదో ఒక స్థాయికి బిగుసుకున్న జన్యువు కంటే రెండు వైపులా మళ్లగల జన్యువుకే విలువ.

సర్దుబాటు ఎప్పుడూ సరైన దిశలోనే జరుగుతుందనుకోకూడదు. ట్రినిడాడ్‌లో పెద్ద చేపలు వేటాడే ఏరుల నుంచి గప్పీ చేపలను ఆ వేట లేని ఏరుల్లోకి మార్చి, కొద్ది తరాల తర్వాత వాటి సంతతి మెదడులోని జన్యువుల పనిని కొలిచారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో 135 జన్యువులు వేర్వేరు ఏరుల్లోనూ ఒకే తీరుగా మారాయి. వాటిలో పదింట దాదాపు తొమ్మిది, పాత చేప కొత్త పరిస్థితికి చేసుకునే తక్షణ సర్దుబాటుకు ఎదురు దిశలో మారాయి. అంటే తొలి స్పందనే చేటు చేసింది, వరణం దాన్ని వెనక్కి లాగింది. కొత్త నీటిలో ఓ జన్యువు పది రెట్లు పెరిగిందని చూసి అదే తట్టుకునే రహస్యమని తేల్చేయడం ఎంత తొందరపాటో ఈ ఫలితం చెబుతుంది. ఆ పెరుగుదల బాధకు గుర్తు కూడా కావచ్చు.

డెల్టాలో పరీక్ష పెట్టాలంటే

పండుగప్ప ఉప్పుకూ మంచినీటికీ అలవాటైన చేపే గానీ ఈ పనికి పనికిరాదు. ముందు మగగా ఎదిగి, ఏళ్లు గడిచాక ఆడగా మారే చేప అది, తరం చాలా పొడవు. చిన్న చేప కావాలి. తీర ప్రాంతపు నీటిగుంటల్లో, కాలువల్లో, ఉప్పుటేరుల్లో తిరిగే ఒరైజియాస్ ప్రజాతి చేపలు సరిగ్గా సరిపోతాయి. పొడవు మూడు సెంటీమీటర్లు, రెండు మూడు నెలల్లో గుడ్లకు వస్తాయి. వీటి గురించి ముందే తెలిసిన ఒక విషయం ఆసక్తి పెంచుతుంది. జపాన్ మంచినీటి జాతి ఒరైజియాస్ లాటిపెస్‌లో మొప్పల పంపు సముద్రపు నీటిలో ఎక్కువగా పని చేస్తుంది. మన తీరంలోనూ ఉండే ఉప్పుటేటి జాతి ఒరైజియాస్ డాన్సెనాలో అది మంచినీటిలో ఎక్కువ. తన సహజ నీటికి దూరమైన కొద్దీ పంపు మీద భారం పెరుగుతోందన్నమాట.

మంచినీటి చోట్లు మూడు, ఉప్పుటేటి చోట్లు మూడు ఎంచుకోవాలి. ఒక్కో చోటే తీసుకుని ఒక్కో చోటి నుంచి వంద చేపలు పట్టినా ప్రయోజనం లేదు. ప్రశ్న జనాభాల గురించి కాబట్టి లెక్కలోకి వచ్చేది చోట్ల సంఖ్య. దగ్గరి పోలికలున్న రెండు జాతులు పక్కపక్క నీళ్లలో ఉండగలవు కనుక ప్రతి చోటి నుంచి కొన్ని చేపల్లో, జాతిని గుర్తించడానికి వాడే సీఓ1 జన్యువును చదివి ఒకే జాతి అని ముందే నిర్ధారించుకోవాలి. రెండు జాతులను ఒకే జాతి జనాభాలుగా పోలిస్తే ఆ తర్వాత చేసిన శ్రమంతా వృథా.

పట్టిన చేపలను నేరుగా కొలవకూడదు. అన్నిటినీ ఒకే ఉప్పదనంలో, ఉదాహరణకు 5 పీపీటీలో (వెయ్యి భాగాల నీటికి 5 భాగాల ఉప్పు), ఒకే మేతతో రెండు తరాలు పెంచాలి. మొదటి తరానికి తల్లి గుడ్డులో పెట్టిన హార్మోన్లు, ఆర్ఎన్ఏల ప్రభావం ఉంటుంది. రెండో తరానికి అది చాలావరకు వదులుతుంది. తర్వాత ప్రతి కుటుంబాన్నీ రెండుగా చీల్చి సగాన్ని 0.5 పీపీటీకి దించాలి, సగాన్ని రోజుకు 5 చొప్పున 25 పీపీటీకి ఎక్కించాలి. రెండు వారాలు ఆ నీటిలో ఉంచాలి. ఈ ఎక్కింపులో ఎన్ని చచ్చాయో కుటుంబం వారీగా రాసిపెట్టుకోవడం తప్పనిసరి. సగం చస్తే మిగిలినవి ఏరిన చేపలు, వాటిలో కనిపించే తేడా సర్దుబాటు కాకపోవచ్చు, బలహీనులు పోవడం వల్ల వచ్చిన తేడా కావచ్చు.

ఆరు జనాభాలు, రెండు ఉప్పదనాలు, గుంపుకు ఆరు చేపలు: మొత్తం 72 నమూనాలు. నమూనాకు 2 నుంచి 3 కోట్ల రీడ్‌లు, అంటే యంత్రం చదివే చిన్న ముక్కలు, చాలు. డబ్బు మిగిలితే రీడ్‌లు పెంచడం కంటే చేపలు పెంచడం మేలు. మొప్పలు చిన్నవని రెండు మూడు చేపలవి కలిపేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా చేస్తే చేపకూ చేపకూ మధ్య ఉన్న తేడా మాయమై లెక్క అబద్ధపు ధీమా ఇస్తుంది.

నమూనా తీసేటప్పుడు ముందు రోజు మేత ఆపాలి. అన్నిటినీ రోజులో ఒకే వేళకు, గుంపులను కలగలిపిన వరసలో తీయాలి. ఉదయం మంచినీటివి, మధ్యాహ్నం ఉప్పునీటివి తీస్తే పగలు-రాత్రి లయతో నడిచే జన్యువులన్నీ ఉప్పు జన్యువుల్లా కనిపిస్తాయి. మొప్పను రెండు నిమిషాల్లోపు కోసి, కణజాలానికి పది రెట్ల ఆర్ఎన్ఏలేటర్ ద్రావణంలో వేయాలి. ముక్క మందం అర సెంటీమీటరు దాటితే ద్రావణం లోపలికి చేరేలోగా మధ్యలో ఆర్ఎన్ఏ చివికిపోతుంది. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర నాననిచ్చి, ద్రావణం వంపేసి మైనస్ 80కి మార్చాలి. నేరుగా గడ్డకట్టిస్తే ద్రావణం ఇంకదు. డెల్టా ఎండలో పొలం గట్టున పని చేసేవారికి ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఐసు డబ్బాలో మూత తీసి పెట్టిన పది నిమిషాలు తర్వాత ఏ లెక్కతోనూ సరిదిద్దలేనివి.

రొయ్యల మీద పని చేసేవారికి మరో చిక్కు. ఆర్ఎన్ఏ నాణ్యతను కొలిచే యంత్రం 28ఎస్, 18ఎస్ అనే రెండు రైబోజోము ఆర్ఎన్ఏల పట్టీల నిష్పత్తి చూసి మార్కు వేస్తుంది. రొయ్యల్లో, చాలా కీటకాల్లో 28ఎస్ అణువు మధ్యలో సహజంగానే తెగి ఉంటుంది. వేడి చేయగానే రెండు ముక్కలై 18ఎస్ పక్కకు చేరుతుంది. యంత్రం దాన్ని చెడిపోయిన నమూనాగా చూపిస్తుంది. మంచి నమూనాలు పారేసుకోకుండా ఉండాలంటే వేడి చేయకుండా ఓసారి నడిపి చూడాలి. ఇంకా రొయ్య కుబుసం విడిచే దశను బట్టి ఉప్పు-నీటి పంపుల జన్యువులు బాగా ఎగిరి పడతాయి. దశను నమోదు చేయని రొయ్యల లెక్కను నమ్మకూడదు.

విశ్లేషణకు డీఈసెక్2, ఎడ్జ్‌ఆర్ వంటి సాఫ్ట్‌వేర్ సాధనాలకు ముడి లెక్కలే ఇవ్వాలి, పది లక్షలకు ఇన్ని అని ముందే సవరించిన టీపీఎం అంకెలు ఇవ్వకూడదు. ఈ లెక్కను అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఉప్పదనంతో ఎంత మారింది, పుట్టిన చోటుతో ఎంత మారింది, ఈ రెండూ కలిసి ఎంత మారింది. మొదటిది సర్దుబాటు. రెండోది ఏ నీటిలో ఉన్నా నిలిచే వారసత్వ తేడా. మూడోదే అసలు విషయం, అంటే ఒకే ఉప్పుకు రెండు జనాభాలు రెండు రకాలుగా స్పందించడం. ఇరవై వేల జన్యువులను 5 శాతం హద్దుతో పరీక్షిస్తే కేవలం యాదృచ్ఛికంగా వెయ్యి జన్యువులు తేడా చూపుతాయి కాబట్టి తప్పుడు ఫలితాల వాటాను అదుపు చేసే దిద్దుబాటు ఉండి తీరాలి.

రెండు పొరపాట్లు అనుభవజ్ఞులను కూడా పట్టుకుంటాయి. ఒకటి, మొప్పల్లో పంపు జన్యువు రెండింతలైతే ప్రతి కణమూ రెండింతలు పని చేస్తోందని అర్థం కాదు. ఉప్పును చూసుకునే కణాల సంఖ్యే రెండింతలై ఉండవచ్చు. కణాలకు రంగు వేసి సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తే గానీ తేలదు. రెండోది కొంచెం సూక్ష్మమైంది. సర్దుబాటు దిశనూ పరిణామ దిశనూ పోల్చేటప్పుడు రెంటికీ పాత జనాభా కొలతే ఆధారం. ఆ కొలతలో యాదృచ్ఛికంగా దొర్లిన తప్పు రెండు లెక్కల్లోకీ ఎదురు గుర్తులతో చేరి, లేని వ్యతిరేక సంబంధాన్ని పుట్టిస్తుంది. గప్పీల వంటి ఫలితం వచ్చినప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. పాత జనాభా నమూనాలను రెండు భాగాలు చేసి ఒక భాగంతో సర్దుబాటునూ, రెండో భాగంతో పరిణామాన్నీ లెక్కగడితే ఆ పొరపాటు తప్పుతుంది.

ఇంత చేసినా మిగిలిన తేడా వరణం వల్లే వచ్చిందని చెప్పలేం. చిన్న గుంపులో జన్యువులు వరణం లేకుండా, యాదృచ్ఛికంగా కూడా తరాల మీద మారిపోతాయి. మూడు మంచినీటి జనాభాలూ విడివిడిగా ఒకే దిశలో మారితే ఆ అనుమానం తగ్గుతుంది. నేపథ్యం కూడా గుర్తుంచుకోవాలి. వరణం దాదాపు లేకుండా వందల తరాలు పెంచిన నులిపురుగుల మీద, పండు ఈగల మీద 2005లో వచ్చిన పరిశోధనలు, మ్యుటేషన్లను వాటి దారిన వదిలితే జన్యువుల పని ప్రకృతిలో కనిపించే దానికంటే చాలా ఎక్కువ చెదురుతుందని చూపాయి. అంటే ఎక్కువ జన్యువుల పరిమాణాన్ని ప్రకృతి ఉన్నచోటే బిగించి ఉంచుతోంది. అందుకే నిజంగా కదిలిన కొద్ది జన్యువులకు అంత విలువ.

తేడా ఎక్కడుంది: తూము దగ్గరా, లాకు దగ్గరా

ఒక చేలోకి నీరు తగ్గిందంటే ఆ చేను తూమైనా పూడి ఉండాలి, లేదా పైన లాకు దగ్గరే నీరు తగ్గించి ఉండాలి. జన్యువు ఎప్పుడు, ఎంత పని చేయాలో నిర్ణయించే దాని సొంత డీఎన్ఏ ముక్క, ప్రమోటర్ గానీ ఎన్‌హాన్సర్ గానీ, మారితే అది సిస్ మార్పు. ఎక్కడో ఉన్న మరో జన్యువు ప్రోటీన్ మారి దీని మీద ప్రభావం చూపితే అది ట్రాన్స్ మార్పు. లాకు దగ్గరి మార్పు ఎన్నో చేలను తాకుతుంది, తూము మార్పు ఒక్క చేనుకే పరిమితం.

రెంటినీ విడదీసే పద్ధతి సంకర సంతానం. మంచినీటి చేపనూ ఉప్పుటేటి చేపనూ కలిపితే పుట్టిన పిల్లలో రెండు వైపుల జన్యు ప్రతులూ ఒకే కణంలో, ఒకే ట్రాన్స్ వాతావరణంలో ఉంటాయి. తల్లిదండ్రుల మధ్య తేడా 4:1 అనుకుందాం. పిల్లలో రెండు ప్రతుల రీడ్‌లు కూడా 4:1గానే వస్తే తేడా పూర్తిగా సిస్. 1:1 అయిపోతే పూర్తిగా ట్రాన్స్. 2:1 వస్తే రెండూ ఉన్నాయి. తల్లిదండ్రుల్లో తేడా లేకుండా పిల్లలో 3:1 వస్తే ఎదురెదురు మార్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుతున్నాయి. ఇందులో పెద్ద మోసం రిఫరెన్స్ జీనోముతో, అంటే రీడ్‌లను పోల్చి అతికించే ప్రామాణిక డీఎన్ఏ వరసతో, వస్తుంది. ఆ జీనోము మంచినీటి చేపది అయితే ఉప్పుటేటి ప్రతి రీడ్‌లలో అక్షరాల తేడా ఉన్నవి సరిగా అతకక జారిపోతాయి, ఆ ప్రతి తక్కువ పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. అదే పిల్ల డీఎన్ఏను కూడా చదివి అక్కడ 1:1 వస్తోందా అని చూడాలి. రాకపోతే ఆ స్థానాన్ని వదిలేయాలి.

ఈ పద్ధతితో 2004లో రెండు డ్రోసోఫిలా (పండు ఈగ) జాతుల సంకరాల్లో 29 జన్యువులను చూస్తే 28 చోట్ల సిస్ తేడా కనిపించింది. స్టికిల్‌బ్యాక్ చేపల మొప్పల మీద 2019లో వచ్చిన పని డెల్టాకు ఇంకా దగ్గరిది. హిమయుగం ముగిశాక సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కి స్థిరపడిన ఈ చేపల్లో ఉప్పునీటి-మంచినీటి తేడాల్లో సిస్ మార్పులదే పైచేయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఇదే చేపలో పిట్ఎక్స్1 జన్యువు దవడకూ, పిట్యుటరీ గ్రంథికీ, కటి ముళ్లకూ కావాలి. ప్రోటీనే చెడితే అన్నీ చెడతాయి. చాలా మంచినీటి జనాభాలు కటి ముళ్లను పోగొట్టుకున్నది ప్రోటీన్‌ను ముట్టుకోకుండానే, కటి భాగపు ఎన్‌హాన్సర్ ముక్క ఒక్కటి తెగిపోవడం ద్వారా.

తూము ఒక్కోసారి పూర్తిగా కొత్త చోటు నుంచి వస్తుంది. శాస్త్రవేత్త లెన్‌స్కీ 1988లో మొదలుపెట్టిన ఇ.కోలై బ్యాక్టీరియా ప్రయోగంలో సుమారు 31,500 తరాల దగ్గర ఒక జనాభా ఆక్సిజన్ ఉన్నప్పుడూ సిట్రేట్‌ను తినడం నేర్చింది. సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు ఎప్పటినుంచో ఉంది, ఆక్సిజన్ ఉన్నంతసేపూ మూతపడి ఉంటుంది. డీఎన్ఏ ముక్క ఒకటి రెండింతలై ఆ జన్యువు ప్రతి పక్క జన్యువు ప్రమోటర్ కింద పడింది. వరి చేలలో దోమపోటు తెచ్చే సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందును తట్టుకోవడం వెనకా ఇలాంటి కథే. సీవైపీ6ఈఆర్1 అనే ఎంజైము జన్యువు రెండు ప్రతులైంది. ఒక ప్రతిలో మందును విరగ్గొట్టే గుణమిచ్చే మార్పులు చేరాయి, దాని ప్రమోటర్ కూడా మారి పని బాగా పెరిగింది. అనుమానం వచ్చిన చోట ఇలాంటి ఎంజైములను అడ్డుకునే పైపరొనిల్ బ్యుటాక్సైడ్ కలిపిన మందుతోనూ, కలపని మందుతోనూ విడివిడిగా పరీక్షిస్తే, కలిపినప్పుడు దోమలు మళ్లీ చస్తున్నాయంటే ఇలాంటి ఎంజైముల మీదే చూపు పెట్టాలి. చావకపోతే కారణం వేరే.

లాభం ఎక్కడ నష్టమవుతుంది

సబ్1ఏ ఇచ్చే నిబ్బరం సుమారు రెండు వారాల ముంపుకే. అది కూడా నీరు మరీ బురదగా, మరీ వేడిగా లేనప్పుడు. మురుగు కాలువలు గుర్రపుడెక్కతో, తూటికాడతో పూడిపోయి సార్వా చేలో మోకాలి లోతు నీరు నెలా రెండు నెలలు దిగకపోతే అదే జన్యువు వల్ల ఒనగూరేదేమీ లేదు. అక్కడ కావలసింది కొంత సాగి ఆకును నీటి పైన నిలిపే మొక్క. సబ్1 రకాలు నిలవ నీటిలో వెనకబడటం చాలాచోట్ల గమనించిన విషయమే. ముంపు రకం అని ఒక్క మాటతో విత్తనం ఇవ్వడం అందుకే సరికాదు. ఆ ఊళ్లో నీరు ఎన్ని రోజుల్లో దిగుతుందో తెలుసుకుని ఇవ్వాలి.

రొయ్యల సాగులో ఇదే ప్రశ్న మరో రూపంలో ఉంది. వెనామీ తల్లి రొయ్యలను తరతరాలుగా ఎంపిక చేసేది ప్రధానంగా ఎదుగుదల కోసం, వ్యాధి లేని స్థితి కోసం. ఆ పెంపకం సాగేది ఎక్కువగా సముద్రపు ఉప్పదనానికి దగ్గరగా ఉన్న నీటిలో. ఆ పిల్ల భీమవరం చుట్టుపక్కల 3, 4 పీపీటీ చెరువుల్లోకి వస్తుంది. తక్కువ ఉప్పులో వెనామీ మొప్పల్లో సోడియం-పొటాషియం ఏటీపేజ్, కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైముల పని పెరగాలి. సోడియం-పొటాషియం పంపుకు బయటి నీటిలో పొటాషియం కావాలి. సముద్రంలో సోడియం-పొటాషియం నిష్పత్తి 28:1 దగ్గర ఉంటుంది, బోరు నీటిలో పొటాషియం బాగా తక్కువ. రైతులు పొటాష్, మెగ్నీషియం మినరల్స్ చల్లేది ఈ లోటు పూడ్చడానికే. పీఎల్ 10 (పిల్ల దశకు చేరి పది రోజులు) దాటకముందే పిల్లను తక్కువ ఉప్పులోకి దించితే ఎన్ని మినరల్స్ చల్లినా చాలా పిల్ల పోతుంది, మొప్పల పొరలు అప్పటికి పూర్తిగా ఏర్పడి ఉండవు.

మినరల్స్ చల్లడం సర్దుబాటుకు సాయం. తరాల మీద మార్పు కావాలంటే ఎంపిక జరిగే నీరే మారాలి. ఎక్కువ ఉప్పులో బాగా ఎదిగిన కుటుంబమే తక్కువ ఉప్పులోనూ బాగా ఎదుగుతుందన్న హామీ లేదు. తల్లి రొయ్యల కేంద్రాలు ప్రతి కుటుంబం పిల్లలనూ రెండుగా చీల్చి, ఒక భాగాన్ని 30 పీపీటీలోనూ ఒక భాగాన్ని 3 పీపీటీలోనూ పెంచి, బతుకు శాతం, ఎదుగుదల విడివిడిగా రాస్తే కుటుంబాల వరస రెండు నీళ్లలో మారుతోందా లేదా అన్నది మొదటి తరంలోనే తెలిసిపోతుంది. మారుతుంటే తక్కువ ఉప్పు చెరువులకు విడిగా ఒక వరసను ఎంపిక చేయాలి, అప్పుడు మొప్పల ఆర్ఎన్ఏ చదివితే ఏ జన్యువులు కదులుతున్నాయో వెతకడానికి అర్థం ఉంటుంది. మారకపోతే ఆ ఖర్చు మానుకుని నీటి మినరల్స్ మీద పెట్టడమే నయం.